ముల్లు కిందుంటే మంచిదనుకున్నారు

అది 2022 చలికాలం. న్యూజెర్సీలో పార్సిప్పనీ దగ్గర నాకొక చిన్న కార్ల గ్యారేజీ ఉంది. వరంగల్‌లో వర్క్‌షాపులో పని చేసినవాణ్ణి. మా ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెనకాల డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని చేసుకునే కాగితాలు చేతికందాక మళ్లీ గ్రీజులోనే చేతులు పెట్టాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మనవాళ్లే. మనవాళ్లతో చిక్కేమిటంటే, కారు తెచ్చేలోపే దాని జబ్బేమిటో వాట్సాప్ గ్రూపులో తేల్చుకుని వస్తారు. ఇక నాకు మిగిలేది స్పానర్ తిప్పడం ఒక్కటే.

మురళిగారు, శైలజగారు అలా కూడా రాలేదు. వాళ్ల లెక్కలో కారుకు జబ్బే లేదు. ఆమె డ్రైవ్ చేసుకొచ్చారు. ఆయన పక్క సీటులోంచి మెల్లగా దిగారు. కోటు మీద శాలువా, మెడకు మఫ్లర్, చేతులకు ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లవ్స్. దేశం నుంచి కొత్తగా వచ్చినవారేమో అనుకున్నాను.

"ఏం సార్, అంటార్కిటికాకి పోతున్నరా?" అన్నాను.

"అంతకంటే దూరమే లెండి," అని ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆయనకు పెద్దపేగు క్యాన్సర్. గంట దూరంలో ఉన్న హాస్పిటల్‌లో రెండు వారాలకోసారి కీమో. ఆ మందు ఎక్కించాక కొన్ని రోజులపాటు చల్లటిది తగిలితే వేళ్లలో సూదులు గుచ్చినట్టుంటుందట. చల్లగాలి పీలిస్తే గొంతు పట్టేస్తుందట. ఇదంతా ఆమే చెప్పారు, ఆయన గోడకున్న టైర్ల వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఇంట్లో బానే ఉంటారండీ. కారెక్కితేనే ఆగలేకపోతున్నారు. మందు ప్రభావం అన్నారు డాక్టరుగారు. బాధ మరీ ఎక్కువగా ఉందని పోయినసారి డోస్ తగ్గించారు. ఇప్పుడు ఈయన మొత్తానికే మానేస్తానంటున్నారు. కారులో పెట్టుకునే ఎక్స్‌ట్రా హీటర్ ఏదైనా ఉంటే పెట్టిస్తారా? ఆ గంట ప్రయాణం గడిస్తే చాలు."

"మందు భరించొచ్చు. ఈ కారులో కూచోవడం నా వల్ల కావట్లేదు," అన్నారాయన.

అది పాత డీజిల్ కారు. ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్న స్నేహితుడి దగ్గర కొన్నారు. కారులో హీటర్ ఉండగా ఇంకో హీటర్ ఎందుకని అడిగితే, అది కూడా చూపించామన్నారు. ఆయిల్ మార్చినప్పుడు వేరే షాపువాళ్లు ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూసి, గాలి వెచ్చగానే వస్తోందన్నారట.

"డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు ఎక్కడుంటది సార్?"

"ఎప్పుడూ కిందే ఉంటుందండీ. హైవే ఎక్కితే ఇంకా దిగుతుంది. ఇంజిన్ అస్సలు వేడెక్కదు. బండి మాత్రం మంచి కండిషన్." ఆ ఒక్క మాట ఆయన కాస్త గర్వంగానే అన్నారు.

జబ్బు థర్మోస్టాట్‌దని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఇది మన ఎండల్లో పెరిగినవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు. మనకు తెలిసిన భయం ఒక్కటే, ఇంజిన్ వేడెక్కి దారిలో పొగలు కక్కుతుందని. ముల్లు పైకి పోతే బండి ఆపి బానెట్ ఎత్తుతాం. కిందుంటే దేవుడికి దండం పెట్టుకుంటాం. కిందుండటం కూడా జబ్బేనని మనకెవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

థర్మోస్టాట్ అంటే ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉండే చిన్న తలుపు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉండాలి. లోపల తిరిగే నీళ్లు, మేం కూలెంట్ అంటాం, బాగా వేడెక్కాక తెరుచుకోవాలి. అది తెరిచినట్టే ఇరుక్కుపోతే ఇంజిన్‌లో పుట్టిన వేడంతా రేడియేటర్ ద్వారా బయటి గాలికి పోతుంది. క్యాబిన్‌లోకి వేడి రావాల్సింది కూడా ఆ నీళ్ల నుంచే. పైగా డీజిల్ ఇంజిన్ పిసినారి, పెట్రోలు ఇంజిన్‌లా వేడిని ఎడాపెడా పారబోయదు. కారు ఆగి ఉన్నప్పుడు ఎలాగో కాస్త వెచ్చబడుతుంది. హైవే మీద మంచుగాలి రేడియేటర్‌కు కొట్టడం మొదలైతే ఆ కాస్తా పోతుంది. షాపులో నిలబెట్టి చూస్తే ఈ రోగం దొరకదు.

"హైవే మీద చూడాలె సార్. మీరు లోపల కూసోండి, నేను తిప్పి తీసుకొస్త," అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. "నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్నండీ. ఇరవై ఏళ్లుగా అదే పని. బగ్ రీప్రొడ్యూస్ చేసేటప్పుడు రిపోర్ట్ చేసినవాడు పక్కనుండాలి," అని మళ్లీ కారెక్కారు.

నేను డ్రైవ్ చేశాను, ఆయన పక్కన, ఆమె వెనక. కారు కంప్యూటర్‌కు స్కానర్ తగిలించి, కూలెంట్ వేడి అంకెల్లో కనబడేట్టు పెట్టాను. హీటర్ పూర్తిగా పెంచాను. ఇంటర్‌స్టేట్ హైవే ఎక్కేదాకా అంకె నిదానంగా ఎక్కింది. వేగం పెరిగాక ఆగింది, ఆ తర్వాత దిగడం మొదలైంది. తొంభై దగ్గర ఉండాల్సింది యాభైకి వచ్చింది. ఆయన శాలువా ముక్కు మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నారు. నేను చెయ్యి హీటర్ గాలికి అడ్డం పెట్టాను.

"సార్, గాలి చల్లగనే వస్తుంది."

ఆయన కళ్లు తెరిచారు. "నిజంగా చల్లగా ఉందా? లేక నా కోసం అంటున్నారా?"

"నాకు వేళ్లు కొంకర్లు పోతున్నయ్ సార్."

ఆయన శాలువా ముక్కు మీంచి దించారు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగారు. "శైలూ, నీకూ చలేసేదా?"

ఆమె కిటికీ వైపు తిరిగారు. అద్దంలో చూశాను. చేతులు రెండూ స్వెటర్ చేతుల్లోకి లాక్కుని కూర్చున్నారు. గ్లవ్స్ లేవు. ఆయన వేసుకున్న రెండు జతల్లో లోపలిది ఆమెది.

"మీరు పడేదాని ముందు నాదెంతండీ," అన్నారామె. "నాకూ వేస్తోందంటే మీరింకా బాధపడతారని."

"ఇద్దరు టెస్టర్లుండి ఒక్కడే రిపోర్ట్ చేస్తే, యూజర్ ఎర్రర్ అని క్లోజ్ చేస్తారు," అన్నారాయన. గొంతులో కోపం లేదు. "నేనే క్లోజ్ చేసేశాను. నా ఒంటిదే తప్పనుకున్నాను."

షాపుకు వచ్చాక కూలెంట్ దించి, పైపులు తప్పించి థర్మోస్టాట్ బయటికి తీశాను. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా మూసుకుని ఉండాల్సిన తలుపు వేలు దూరేంత తెరిచి ఉంది, లోపలి స్ప్రింగు విరిగిపోయింది. ఆయనకు చూపించాను. గ్లవ్స్‌తోనే పట్టుకుని, లైటు వైపు ఎత్తి, ఆ సందులోంచి చూశారు. కొత్తది బిగించి, కూలెంట్ నింపి, పైపుల్లో చిక్కుకున్న గాలి తీసేశాక మళ్లీ అదే రోడ్డు మీద తిప్పాను. ముల్లు మధ్యకు వచ్చి నిలబడింది. ఆయన పై గ్లవ్స్ తీశారు. తర్వాత లోపలివి తీసి వెనక్కి అందించారు.

కీమో మానలేదు. తర్వాతిసారి వెళ్లొచ్చాక ఫోన్ చేశారు. "వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి సతీశ్, మందు పని మందు చేస్తోంది. కానీ దారంతా మాట్లాడుకుంటూ వెళ్లాం," అన్నారు. తప్పు కారు హీటర్‌దని డాక్టరుకు చెప్పారా అని అడిగాను. చెప్పారట. డోస్ మళ్లీ పెంచారో లేదో ఆయన చెప్పలేదు, నేనూ రెట్టించలేదు.

ఆకులు రాలే కాలంలో ఆయన పోయారు. వాట్సాప్ గ్రూపులో చూశాను.

చలి మొదలయ్యాక శైలజగారు ఆయిల్ మార్పించడానికి వచ్చారు. కారు కిందికి దించి తాళం ఇస్తుంటే అడిగారు. "ముందే తెలిసుంటే డోస్ తగ్గించేవాళ్లు కాదు కదా సతీశ్ గారూ?"

నాకు థర్మోస్టాట్ గురించి తెలుసు. క్యాన్సర్ గురించి తెలియదు. ఆ మాటే చెప్పాను. అబద్ధమాడి ఉంటే బాగుండేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

"నాకు చలేస్తోందని ఒక్కసారి అనుంటే సరిపోయేది," అన్నారామె.

మాట మార్చాలని, హీటర్ బాగా పని చేస్తుందా అక్కా అని అడిగాను.

"చేస్తుందండీ. ఒక్కదానికి అంత వేడెందుకని తగ్గించేస్తాను."

ఆ కేసు తర్వాత నా పని పద్ధతి ఒకటి మారింది. హీటరని, బ్రేకులని ఏ జంట వచ్చినా, మాట్లాడుతున్నవారిది విన్నాక మాట్లాడనివారిని అడుగుతాను. మీకెట్లుంది అని. చాలామంది నాకేం, బానే ఉందండీ అంటారు. అప్పుడు వాళ్ల చేతుల వైపు చూస్తాను.