పిన్నిగారి పిడికెడు పిండి

మొన్న బజారులో కొట్టాయన శనగపిండి మూట విప్పి, "చూడండమ్మా, నిన్ననే దిగిన సరుకు" అంటూ నా ముందుకు తోశాడు. చెయ్యి పెట్టకముందే ముక్కు పసిగట్టేసింది. పుదీనా ఆకు నలిపినట్టు, అందులో కాస్త పులుపు కలిసినట్టు, పిండికి ఉండకూడని వాసన అది. "వద్దులెండి" అని మూట వెనక్కి జరిపాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పురుగు కనబడలేదు, పిండి ఉండ కట్టలేదు, రంగు మారలేదు, మరి ఈవిడకేం వచ్చిందని అనుకుని ఉంటాడు. నేను చెప్పలేదు. చెప్పాలంటే తణుకులో సత్యవతి పిన్నిగారి వంటింటి దగ్గర మొదలుపెట్టాలి, ఆయనకు అంత తీరిక ఉన్నట్టు లేదు.

పిన్నిగారు నాకు చుట్టం కాదు, ఇంటి ఓనరు. వీధిలో అందరూ ఆవిణ్ణి అలాగే పిలిచేవారు. మా ఆయన కడియం నర్సరీల నుంచి మొక్కలు తీసుకెళ్ళే లారీ నడిపేవాడు. బండెక్కాడంటే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో తెలియదు. స్కూలుకెళ్ళే కూతురితో నేను ఆవిడ ఇంటి వెనక వాటాలో ఉండేదాన్ని. పిన్నిగారు భర్త పోయాక ముప్పై ఏళ్ళుగా వంటింట్లోనే సున్నుండలు, అరిసెలు చేసి ఇచ్చేవారు. బోర్డు లేదు, ఫోన్ నంబరు ముద్రించిన కార్డు లేదు. అయినా తణుకు చుట్టుపక్కల ఏ ఇంట్లో శుభకార్యం తలపెట్టినా ఆవిడ గుమ్మం తొక్కేవారు. కళ్ళజోడు జారకుండా తాడు కట్టుకునేవారు, మోచేతుల దాకా చేతులు కడుక్కుంటే తప్ప పిండి ముట్టేవారు కాదు. గొంతు మాత్రం వీధి చివరికి వినబడేది. ఒకరోజు నా వాటా గుమ్మంలో నిలబడి, "ఊరికే కూర్చుంటే నడుం పట్టేస్తుందమ్మాయ్, వచ్చి నాలుగు ఉండలు చుట్టరాదూ?" అన్నారు. అలా పనిలో పెట్టుకున్నారు. అదే ఆవిడ చేసిన ఇంటర్వ్యూ.

మొదటిరోజు నేను చుట్టిన ఉండను ఆవిడ పళ్ళెంలో వేస్తే టక్కుమంది. "ఇది సున్నుండా, క్రికెట్ బంతా?" అన్నారు. "పిండి మీద పగబట్టినట్టు నొక్కకు. ముసలాళ్ళు కూడా తింటారు." నాకు ఉడుకుమోత్తనం ఎక్కువ. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా చుట్టి, విరగ్గొట్టి, మళ్ళీ చుట్టాను. ఆవిడ ఒక్కటి నోట్లో వేసుకుని, నా కూతురికి రెండు పొట్లం కట్టి ఇచ్చారు. పిన్నిగారి మెప్పు అలాగే ఉండేది, మాటల్లో దొరికేది కాదు.

ఆ వంటింట్లో గట్టు మీద ఒక ఇత్తడి డబ్బా ఉండేది. వేయించి మర పట్టించిన మినప్పిండి అందులోనే పోసేవారు. ఒకసారి పిండి అడుగంటితే కడుగుదామని దాన్ని తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాను. పిన్నిగారు పరుగున వచ్చారు.

"ఆగాగు! ఏం చేస్తున్నావే?"

"అయిపోయింది కదండీ, కడిగేద్దామని."

"అడుగుదాకా ఊడ్చేస్తారా ఎవరన్నా? పిడికెడు ఉంచి, దాని మీదే కొత్తది పొయ్యాలి. నేను కాపరానికొచ్చిన రోజున మా అత్తగారు ఈ డబ్బా చేతికిచ్చి చెప్పిన మాట ఇది. ఈ ఇంట్లో పిండి డబ్బా ఇంతవరకూ వట్టిపోలేదమ్మా."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి. నలభై ఏళ్ళుగా ఆ పిడికెడు అలా ఒక పిండి నుంచి ఇంకో పిండిలోకి నడిచి వస్తోంది. పెద్ద ఆర్డరు వస్తే పక్కన రెండు స్టీలు డబ్బాలు నింపేవారు. వాటి అడుగున కూడా ఇత్తడి డబ్బాలోది చెరో పిడికెడు వేశాకే కొత్త పిండి పోసేవారు. తన చేతి రుచి అక్కడే ఉందని పిన్నిగారి నమ్మకం. మా అమ్మ కూడా బియ్యం డబ్బాలో నాలుగు గింజలు ఉంచేది కాబట్టి నాకూ అందులో తప్పు కనబడలేదు.

ఆ ఏడు ఆషాఢంలో ముసురు పట్టి పది రోజులు వదల్లేదు. గోడలు చెమర్చాయి, ఉప్పు నీరు కారింది. అప్పుడే కాలవ అవతలి ఊరి నుంచి కాంతమ్మగారు ఆర్డరు ఇచ్చారు. కొత్తగా పెళ్ళయిన కూతురి అత్తవారింటికి ఆషాఢం సారె పంపాలి, అయిదువందల సున్నుండలు కావాలి, శుక్రవారం పొద్దున్నకల్లా అందాలి. సారె ఇంట్లో దాచుకునేది కాదు, అబ్బాయి ఊళ్ళో గడపగడపకీ పంచుతారు. అందులో తీపి తక్కువైతే ఆ ఏడాది చెప్పుకుంటారు, పాడైతే ఆ పిల్ల ఉన్నంతకాలం చెప్పుకుంటారు. మూడు డబ్బాలూ నింపి పెట్టుకున్నాం.

శనివారం నాడు పిండి జల్లిస్తుంటే నాకు మోచేతుల కింద దురద మొదలైంది, ఎర్రగా దద్దుర్లు తేలాయి. ఆ పుదీనా వాసన కూడా అప్పుడే తగిలింది. డబ్బా మూత అంచున సన్నటి బూడిదరంగు దుమ్ము ఉంటే తుడిచేశాను. కాసేపటికి మళ్ళీ చేరింది. కళ్ళు చికిలించి చూస్తే ఆ దుమ్ము కదులుతోంది. పిన్నిగారికి చెబితే ముందు నన్నే అంటారు, పని పోతుంది, పనితో పాటు ఇల్లూ పోతుంది. మా ఆయన ఎక్కడో దూరాన ఉన్నాడు, ఫోను కూడా కలవడం లేదు. మూత గట్టిగా బిగించి ఊరుకున్నాను. ఆదివారమూ ఊరుకున్నాను. ఆ రెండు రోజులూ నేను అన్నం తిన్నట్టు గుర్తులేదు.

సోమవారం పొద్దున్న ఇక ఉండబట్టలేక చెప్పేశాను. నేను భయపడ్డట్టే జరిగింది. "తడిచెయ్యి పెట్టి ఉంటావు" అన్నారు. ఆ తర్వాత మినుములు ఇచ్చిన కొట్టువాణ్ణి, మర ఆడించేవాణ్ణి, చివరికి వానని కూడా తిట్టారు. "నా వంటింట్లో పురుగా? మా అత్తగారి కాలం నుంచి లేదు!" అన్నారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "తడిచెయ్యి పెట్టలేదండీ. కావాలంటే మీరే చూడండి" అని దద్దుర్లు తేలిన చేతులు ఆవిడ మొహం ముందు పెట్టాను. ఆవిడ వాటిని పట్టుకుని చాలాసేపు చూశారు. తిట్లు ఆగిపోయాయి.

"ఇది ముక్కుపురుగు కాదమ్మాయ్, అయితే కంటికి ఆనేది. నాలుగు పళ్ళేలు పట్రా."

మూడు డబ్బాల్లోంచి తలా గుప్పెడు పిండి, అప్పుడే మర నుంచి తెచ్చిన సంచిలోంచి ఒక గుప్పెడు తీసి, నాలుగు పళ్ళేల్లో కొసదేరిన కుప్పలు పోశారు. ఫ్యాను ఆపేశారు. ఎవరూ ఆ గదిలో అడుగు పెట్టకూడదన్నారు. భోజనాలయ్యాక ఇద్దరం వెళ్ళి చూశాం. సంచిలోని పిండి పోసినది పోసినట్టే నిలబడి ఉంది. స్టీలు డబ్బాల పిండి కొసలు జారిపోయాయి. ఇత్తడి డబ్బా కుప్ప అయితే ఎవరో అరచేత్తో సర్దినట్టు చదునుగా పరుచుకుంది. ఎవరూ ముట్టుకోలేదు, లోపలున్నవే తిరిగి తిరిగి దాన్ని అలా చేశాయి.

పిన్నిగారు పీట మీద కూర్చుండిపోయారు. ఆవిణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు నేను. కొట్టులో లేదు, మరలో లేదు, నా చేతిలో లేదు. ఆ పిడికెట్లో ఉంది.

"పాలకి తోడు వేసినట్టు, నా చేత్తో నేనే వేశానే" అన్నారు మెల్లిగా. "ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నానో."

అప్పుడు నా నోటివెంట వచ్చిన మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను. "పోనీ ఇంకోసారి బాగా వేయించేద్దామండీ, చచ్చిపోతాయి కదా. నెయ్యీ బెల్లం కలిపాక ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. అదే పిండిలో నెయ్యి, బెల్లం కలిపి, ఒక ఉండ చక్కగా చుట్టి నా అరచేతిలో పెట్టారు. "తిను" అన్నారు. చెయ్యి పైకి లేవలేదు.

"ఎవరికి తెలుస్తుందన్నావు. ఇప్పుడు ఇద్దరికి తెలుసు. చాలదూ?"

ఆ మధ్యాహ్నం నుంచి ఇల్లు తలకిందులు చేశాం. దొడ్లో గొయ్యి తీసి, పిండి అంతా పోసి, మీద సలసల కాగే నీళ్ళు పోసి పూడ్చాం. గేదెలకి పెడదామా అంటే ఆవిడ ఒప్పుకోలేదు, "అవి మాత్రం ఏం పాపం చేశాయి?" అన్నారు. గట్టు మీదా, చెక్క అరల్లోనూ పరిచిన పాత కాగితాలు లాగేసి తగలబెట్టాం. కాగితాల కింద, చెక్క సందుల్లో ఎన్నాళ్ళదో పిండి పేరుకుని ఉంది. దాన్ని పాత టూత్‌బ్రష్‌తో గీకి, వేడినీళ్ళతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచాం. పురుగుల మందు కొడదామంటే, తిండి చేసే చోట విషమేంటని కసిరారు. ఎండ లేదు కాబట్టి అరల కింద కుంపటి పెట్టి చెమ్మ ఆరబెట్టాం. డబ్బాలు కడిగి పొయ్యి సెగన కాచాం. ఇత్తడి డబ్బా మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. గొయ్యి పూడ్చకముందే తనే ఎత్తుకెళ్ళి, అందులోకి బోర్లించి, అడుగు మీద నాలుగు దెబ్బలు కొట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అత్తగారు ఏమంటారో అని కదండీ?" అన్నాను. "ఆవిడుంటే నాకంటే ముందే బోర్లించేవారు. ఆవిడ నాకు శుభ్రం కూడా నేర్పారు. నేను పిడికెడే పట్టుకున్నాను" అన్నారు.

మర్నాడు వానలోనే ఆటో మాట్లాడి నన్ను కాంతమ్మగారి ఇంటికి తీసుకెళ్ళారు. అంతకుముందే, ఆ వారంలో ఉండలు తీసుకెళ్ళిన మూడు ఇళ్ళకి ఫోను చేసి, మిగిలినవి పారెయ్యమని, మళ్ళీ చేసిస్తానని చెప్పారు. ఒకావిడ నానా మాటలూ అంది. పిన్నిగారు "అవునండి, తప్పేనండి" అంటూ చివరిదాకా విన్నారు. ఒక్క మాట పొక్కితే ఇక తణుకులో ఆవిడ చేతి ఉండ కొనేవారు ఉండరు. ముప్పై ఏళ్ళ పేరు మంగళవారం పూట పోతుందని నా భయం.

కాంతమ్మగారు వీధి వసారాలోకి ఎదురొచ్చారు. "కబురు పెడితే నేనే వద్దును కదండీ, ఈ వానలో ఏంటిది?" అన్నారు. పిన్నిగారు కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పారు, డబ్బా సంగతీ, పిడికెడు సంగతీ, ఏదీ దాచలేదు. "కొత్త మినుములు, కొత్త డబ్బాలు. మూడ్రోజుల్లో చేసిస్తాను. నమ్మకం లేకపోతే ఇంకెవరికన్నా ఇచ్చుకోండి, నేనేమీ అనుకోను" అన్నారు. కాంతమ్మగారు పిన్నిగారి వైపే చూస్తూ అడిగారు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదండీ. ఎందుకు చెప్పారు?"

"మీకు తెలిసే దారి లేదు కాబట్టే చెప్పానండి."

కాంతమ్మగారు అప్పుడు నా వైపు చూశారు. "ఇంతకీ పట్టుకున్నది ఎవరు?"

రెండు రోజులు దాచిన మనిషిని నేను. పిన్నిగారు నా భుజం పట్టుకుని ముందుకు తెచ్చారు. "ఈ అమ్మాయేనండి, దుర్గ. తప్పు నాది, కన్ను ఈ పిల్లది" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు, గర్వం రెండూ కలిసి వచ్చాయి. ఏడుపు ఆపుకున్నాను, గర్వం ఆగలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను, "రెండ్రోజులు దాచానని ఎందుకు చెప్పలేదండీ?" అని. "చివరికి చెప్పావుగా. నువ్వు రెండ్రోజులు, నేను నలభై ఏళ్ళు. ఎవరిది ఎక్కువ?" అని నవ్వేశారు.

ఆర్డరు పోలేదు. మూడు రోజులూ నడుం వాల్చకుండా అయిదువందలూ చుట్టాం. గురువారం సాయంత్రం కాంతమ్మగారే స్వయంగా కారులో వచ్చి పెట్టెలు ఎక్కించుకున్నారు. అబ్బాయి ఊళ్ళో సారె పంచుతున్నప్పుడు ఎవరు చేశారని అడిగినవాళ్ళకల్లా, పురుగు పడితే వానలో వచ్చి చెప్పినావిడ చేసిందని ఆవిడే చెప్పుకొచ్చారట. దసరాకి మాకు ఊపిరాడలేదు. అయితే ఆ నిజాయితీకి ఆర్డర్లు వచ్చాయి కాబట్టి పిన్నిగారు గొప్పవారని నేను అనను. రాకపోయినా ఆవిడ చెప్పేవారు, ఆటోలో పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు.

పిన్నిగారు పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నా వంటింట్లో నాతో పాటు నలుగురు పనిచేస్తారు, పొడులూ స్వీట్లూ భీమవరం దాకా వెళ్తాయి. కిందటి వానాకాలం కరివేపాకు పొడి ఇళ్ళకి పంపేశాక, అడుగున మిగిలిన దాంట్లో సన్న పురుగు కనబడింది. పదకొండు ఇళ్ళకి వెళ్ళిన పొడి అది. తినేసి కూడా ఉంటారు, ఎవరూ ఏమీ అనలేదు. తలుపు దగ్గరికి వేసుకుని ఫోను పట్టుకున్నాను. ఈసారి ముందు నిలబడి మాట్లాడేందుకు పిన్నిగారు లేరు. పది ఇళ్ళవాళ్ళు ఫర్వాలేదండి, మంచిపని చేశారన్నారు. పదకొండో ఆవిడ మాత్రం నోటికొచ్చినట్టు తిట్టి, ఇక మీ గడప తొక్కనని ఫోను పెట్టేసింది, అన్నట్టే మళ్ళీ రాలేదు. ఆవిడ తిడుతున్నంతసేపూ నేను "అవునండి, తప్పేనండి" అంటూనే ఉన్నాను. ఫోను పక్కన పెట్టాక, సత్యవతి పిన్నిగారి దగ్గర పనిచేసిన మనిషినని చెప్పుకునే అర్హత నాకు ఆ రోజే వచ్చిందనుకున్నాను.