బ్యాటరీకి కట్టిన దిష్టి నిమ్మకాయ

ఈ రోజు మధ్యాహ్నం దాకా ధర్మపురిలో నా అంత సంతోషపడ్డవాడు లేడు. పటేలు షికారు పడవకు మా రాజయ్య కరెంటు దీపాలు పెట్టాడు. లారీ బ్యాటరీ ఒకటి తెచ్చి పడవలో బిగించాడు. ఇంజను నడిచినంతసేపూ డైనమో తిరిగి దాన్ని నింపుతుందట. సాయంత్రం దీపాలు వెలిగితే పటేలు లారీల పని కూడా వాడికే. గోదావరి మీద నా కొడుకు దీపాలు. నా కళ్లు నిండిపోయాయి.

దిష్టి తగలొద్దని నిమ్మకాయను, మిరపకాయలను ఇనుప తీగకు గుచ్చి, బ్యాటరీ మీది రెండు బొడిపెలకు చెరో కొస గట్టిగా చుట్టాను. చర్రుమని నిప్పులు లేచాయి. బ్యాటరీ మసిలి పొంగింది. రాజయ్య ఉరికొచ్చి ఎర్రగా కాలిన తీగను చేత్తోనే పీకేశాడు.

సాయంత్రం పటేలు వచ్చాడు. దీపాలు వెలగలేదు.

“ఏందిరా రాజిగా, గిదేనా నీ పనితనం?”

నేను నోరు తెరిచేలోపే రాజయ్య అన్నాడు. “తీగె నేనే తప్పు కట్టిన పటేలా.”

“గట్లైతే నా లారీలు నీ చేతుల ఎట్ల పెట్టాలె? ఇంకోన్ని చూసుకుంట తియ్యి.”

ఇంటికొచ్చి రాజయ్య కాలిన అరచేతికి వెన్న రాశాను. ఇలాంటి కొడుకును కన్నానని ఛాతీ ఉబ్బుతోంది, ఆ చెయ్యి చూస్తే ముద్ద దిగడం లేదు. పొద్దున్నే పటేలుకు నిజం చెబుతానంటే వాడు వద్దంటున్నాడు. చెబితే నా కొడుకు అబద్ధాలకోరు, చెప్పకపోతే పని రానివాడు. మీరైతే వాణ్ణి ఏ మాట పడనిస్తారు?