సమ్మక్కకు పడని వేడి

1983 ఎండాకాలం. అప్పుడు నేను వరంగల్‌లో ఒక పెద్ద దవాఖానలో, ఫిజియోథెరపీ గదిలో ఆయాగా పనిచేస్తున్నాను. ఫిజియోథెరపీ అంటే కసరత్తుతో, కాపడంతో చేసే వైద్యం. పడిపోయిన చేతులు, పట్టేసిన మెడలు, విరిగి అతికిన కాళ్ళు మా గదికి వచ్చేవి. రోగిని బల్ల మీద పడుకోబెట్టి ఇన్‌ఫ్రారెడ్ దీపం పెట్టడం, ఫిజియోథెరపీ సారు కసరత్తు చేయిస్తుంటే పక్కన పట్టుకుని నిలబడడం నా పని. ఇన్‌ఫ్రారెడ్ అంటే ఎర్రగా వెలిగి వేడినిచ్చే దీపం. దాని కింద కాసేపు ఉంటే ఎంత మొండి మోకాలైనా మెత్తబడుతుంది. అందుకని ఎవరొచ్చినా ముందు దీపం, తర్వాత కసరత్తు. అది మా గది పద్ధతి.

సమ్మక్క దగ్గర ఆ పద్ధతి అడ్డం తిరిగింది.

ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. నెక్కొండ రైల్వే స్టేషన్ గేటు ముందర మిర్చి బజ్జీల బండి నడిపేది. రెండేళ్ళ కింద ఒక కన్ను మసకబారి, కొన్ని వారాలకు దానంతటదే తేటపడింది. తర్వాత కాళ్ళు బరువెక్కాయి, అవీ తేరుకున్నాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. మూడోసారి మంచం మీంచి లేవలేకపోతే భర్త కొమురయ్య రైల్లో తీసుకొచ్చాడు. మా నరాల డాక్టరమ్మ వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్షకు పంపింది, ఎన్నో ప్రశ్నలడిగింది, చివరికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చింది. నరాల మీది పొర అక్కడక్కడ దెబ్బతినే జబ్బు. కొన్నాళ్ళు తగ్గినట్టుండి మళ్ళీ వస్తుంది. అట్లా తిరిగి రావడాన్ని రిలాప్స్ అంటారు. ఆ జబ్బు పేరు పలకడం నాకు అప్పుడే వచ్చింది. రాయడం మాత్రం చాలా ఏళ్ళకు, అక్షరాలు నేర్చుకున్నాక వచ్చింది.

స్టెరాయిడ్ ఇంజక్షన్లు పడ్డాక సమ్మక్క కాళ్ళలోకి కొంత బలం వచ్చింది. నడిపించమని మా గదికి పంపారు. ఆమెకు ఒకటే బెంగ.

"అక్కా, నన్ను జల్ది నడిపియ్యి. ఇంకొన్నొద్దులైతే నా జాగల సోడా బండి నిలవడ్తది. ఒక్కసారి నిలవడ్డోడు మల్ల జరుగుతడా?"

గోడ పట్టుకునైనా తన కాళ్ళ మీదే గదిలోకి వచ్చేది. దీపం కింద నుంచి లేచాక మాత్రం మోకాళ్ళు మడతపడి నా భుజానికి వేలాడేది. అలసట అనుకుని సారు మరునాడు ఇంకాసేపు దీపం పెట్టించాడు. ఆ రోజు అసలు నిలబడలేదు.

"నవ్వనంటే ఒక మాట చెప్తనక్కా," అంది. "ఈ దీపం కిందికెళ్ళి లేస్తే నా కాళ్ళు నాయి కావు. నడుసుకుంట అస్తాన, మోపిచ్చుకుంట పోతాన."

"వేడి తగిలితే నరాలు మెత్తగైతయి గదనే?"

"నీయి మెత్తగైతయేమో. నాయి అలుగుతానయి."

నేను నవ్వలేదు. ఇంటి దగ్గర ఎట్లుండేదని అడిగాను. అత్త రోజూ వావిలాకు మరిగించి వేడివేడిగా నీళ్ళు పోసేదట. పోసినప్పుడల్లా స్నానాల తడిక దగ్గర్నుంచి ఎత్తుకు రావాల్సి వచ్చేది. కాళ్ళు పడిపోతున్నాయని అత్త మరునాడు నీళ్ళు ఇంకా కాచేది. మా ఇళ్ళల్లో ఎవరైనా అదే చేస్తారు. బజ్జీల మూకుడు ముందర కూర్చున్నా ఒక కన్ను మసకబారేది, చల్లటి నీళ్ళతో ముఖం కడుక్కుంటే తేటపడేది.

సారుకు చెబితే వెంటనే దీపం ఆర్పేసి డాక్టరమ్మను పిలిచాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది.

"దీని గురించి చదివాను, కళ్ళతో ఇప్పుడే చూస్తున్నాను," అంది. "పూర్వం ఈ జబ్బు అవునా కాదా అని తేల్చడానికి డాక్టర్లు రోగిని వేడినీళ్ళ తొట్లో కూర్చోబెట్టేవాళ్ళు. మీ అత్త చేసింది అదే పరీక్ష."

"ఆమెకు చెప్పకమ్మా. రేపటికెల్లి సూది మందు గూడ ఇస్తనంటది," అంది సమ్మక్క.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పొర పోయిన చోట కూడా నరంలో కబురు ఎట్లాగో నడుస్తుందట. ఒళ్ళు వేడెక్కితే ఆ కబురు ఆగిపోతుంది, చల్లబడితే మళ్ళీ నడుస్తుంది. జబ్బు కొత్తగా పెరిగినట్టు కాదు.

"మరి నాకే ఎందుకచ్చిందమ్మా?"

"అది ఇంకా ఎవరికీ తెలియదు సమ్మక్కా. వెతుకుతున్నారు. ఇదివరకు ఈ జబ్బుకు మంచం దిగొద్దనేవాళ్ళం. ఇప్పుడు కొందరు వేరేగా అంటున్నారు. అలిసిపోక ముందే ఆగుతూ కొంచెం కొంచెం పని చేసుకోవాలట. నీకు ఏది పడుతుందో, ఏది పడదో నువ్వే కనిపెట్టాలి. నేను పొద్దంతా నీ వెంట ఉండను కదా."

ఆ మాట సమ్మక్కకు బాగా నచ్చింది. పొద్దున చల్లటి వేళకు వచ్చి, మెడకు తడి తువ్వాల చుట్టుకుని నడిచేది. కాసేపు నడిచి కూర్చునేది, మళ్ళీ లేచేది. రోజూ ఏదో ఒకటి పరీక్ష చేసుకుని వచ్చి చెప్పేది.

"నిన్న ఎండల నిలవడి చూసినక్కా."

"నీకేమన్న పిచ్చా పిల్లా!"

"ఎంతసేపు ఆగుతనో ఎర్కగావద్దా?"

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ, మూకుడు ముందర మాత్రం కూర్చోవద్దంది. సమ్మక్క ముఖం వాడిపోయింది. బజ్జీల బండికి మూకుడే కదా అసలు. కొమురయ్య వైపు తిరిగింది.

"నువ్వు గూసో మూకుడు కాడ."

"నేనా? మొగోడు బజ్జీలేస్తాండని స్టేషనంత నవ్వుతది."

"నవ్వనియ్యి. నవ్వినోడు గూడ ఆకలైతే కొంటడు."

కొన్నేళ్ళ తర్వాత చుట్టాల పెళ్ళికి నెక్కొండలో దిగాను. బండి అదే జాగాలో ఉంది. మూకుడు ముందర కొమురయ్య చెమటలు కక్కుతున్నాడు. వెనక నీడలో సమ్మక్క తల మీద తడి గుడ్డ వేసుకుని మిరపకాయలు చీరుతోంది. పక్కన చేతికర్ర. మధ్యలో ఇంకోసారి రిలాప్స్ వచ్చిందట, ఎడమ కాలు పూర్తిగా తేరుకోలేదు. బజ్జీలు వంకరటింకరగా ఉన్నాయి, రుచి మాత్రం ఆమె కలిపిన పిండిదే.

ప్యాసింజర్ వచ్చి గుంపు చేరింది. సమ్మక్క ఉన్నట్టుండి చాకు పక్కన పెట్టి, "ఇయ్యాల్టికి సాలు, పొయ్యార్పు," అంది.

"ఇంత గిరాకుంటే ఆర్పుడేందే?" అన్నాను.

"కాయ చీరుడు, పిండి కలుపుడు నాదే గద. కాళ్ళు గుంజకముందే ఆపాలక్కా. గుంజినంక ఆపితే రేపు లేవలేను."

అన్నేళ్ళు రోగులతో ఇంకొక్క అడుగు, ఇంకొక్కసారి అని పని చేయించిన మనిషిని నేను. బాగుపడడమంటే ఆగకుండా చేయడమే అనుకునేదాన్ని. చేతనవుతున్నప్పుడే ఆగడం కూడా ఒక బలమని ఆమెను చూశాకే తెలిసింది. తర్వాత మా గదిలో ఎవరైనా "ఇగ సాలు" అంటే, బద్ధకమని కసరడం మానేసి, ఎందుకో అడిగేదాన్ని.

ముందర నిలబడిన ఒకతను విసుక్కున్నాడు. "ఇంత దూరం నడిసొస్తే దుకాణం బందు వెడ్తవా?"

సమ్మక్క కర్ర అందుకుని లేచింది. "రేపు రా అన్నా," అంది. "రేపు గూడ ఈడ్నే ఉంటం."