మామగారి ఇంజనుకు గొంతు

మా బావ పళ్లు చేస్తాడు. అలాగని పళ్ల డాక్టరు కాదు. డాక్టరు నోరు తెరిపించి అచ్చు తీసి పంపిస్తే, దాన్నిబట్టి గులాబీరంగు చిగుళ్లు దిద్ది, కట్టుడు పళ్ల సెట్టు తయారుచేసే మనిషి. ఇంటి వెనక గదిలో అతని పనిబల్ల ఉంది. గోడకున్న అరమీద ఊళ్లోవాళ్ల దవడల అచ్చులన్నీ తెల్లగా, వరసగా ఇకిలిస్తూ ఉంటాయి. కొత్తవాళ్లెవరైనా ఆ గదిలోకి వెళ్లి వస్తే, ఆ తర్వాత కాసేపు నోరు మూసుకునే మాట్లాడతారు.

బావ నోట్లో నాలుక లేనివాడు. మా నాన్న దానికి పూర్తిగా ఉల్టా. ఆవిరి ఇంజను డ్రైవరుగా బతుకంతా ఆ హోరులో అరిచి మాట్లాడిన గొంతాయె, ఉప్పు అందుకోమన్నా పక్కింటివాళ్లు ఉలిక్కిపడతారు. అమ్మ పోయాక అక్కా బావల దగ్గరే ఉంటున్నాడు. నేను పైవాటాలో ఉంటాను కాబట్టి తమాషా ఏదీ తప్పిపోనివ్వను.

బావ ఈ ఇంటి అల్లుడైన కొత్తలో నాన్న అతన్ని ఏం పని చేస్తావని అడిగాడట. "పళ్లు చేస్తానండీ" అన్నాడట బావ. "ఏం, దేవుడు చేసినవి చాలకా?" అన్నాడట నాన్న. ఆ రోజు మొదలు ఆ నోట బావకి ఒక్క మంచిమాట దక్కలేదు. పోనీ ఆ నోరైనా పూర్తిగా నాన్నదా అంటే, అందులో ఉన్నవి బావ చేసిన పళ్లే. ఆ పళ్లతోనే వేరుశనగలు పటపటా నమిలేవాడు, ఆ పళ్లతోనే బావని కొరుక్కు తినేవాడు.

బావకి పెద్ద ఆశలేం లేవు. మామగారు తను చేసిన పని చూసి ఒక్కసారి "బాగుంది" అంటే చాలు. ఈ సంగతి నాతో ఒకే ఒక్కసారి అన్నాడు. నా మూతి నవ్వుకు సిద్ధమవడం చూసి వెంటనే వాతావరణం గురించి మాట్లాడాడు.

నాన్న రిటైరైనప్పుడు తోటివాళ్లు ఆయన నడిపిన ఇంజనుకు బొమ్మ చేయించి ఇచ్చారు. జానెడు పొడవు, ఇత్తడి ఒళ్లు, నల్లరంగు. బొమ్మ పట్టాలమీద కరెంటుతో నడుస్తుంది. నాన్న కొన్నాళ్లు నడిపి అరమీద పెట్టేశాడు. "మూగముండాకొడుకు. చప్పుడు లేని ఇంజను ఇంజనేంటి?" అనేవాడు. తిట్టేవాడే కానీ, దానిమీద దుమ్ము మాత్రం ఎవర్నీ తుడవనిచ్చేవాడు కాదు, తనే తుడిచేవాడు.

ఆ మూగతనానికి ఇప్పుడు వైద్యం ఉందని బావ ఎక్కడో చదివాడు. గోరంత చిప్పు ఒకటి, దాన్ని డీకోడర్ అంటారట. చేతిలోని కంట్రోలరు నుంచి పట్టాలగుండా వచ్చే ఆజ్ఞలు విని, అది మోటారును నడిపిస్తుంది, స్పీకరులోంచి చప్పుళ్లు పలికిస్తుంది. ఒకరోజు భోజనాల బల్ల దగ్గర బావ ధైర్యం చేశాడు.

"మామయ్యా, మీ ఇంజనుకి గొంతు పెడతాను. ఇస్తారా?"

నాన్న నమలడం ఆపాడు. "విప్పుతావా?"

"విప్పాలండీ."

"మళ్లీ బిగించడం వచ్చా?"

"వచ్చండీ."

"దానికేమన్నా అయిందంటే ఈ జన్మలో నీ మొహం నాకు చూపించకు" అన్నాడు నాన్న. రోజూ అదే బల్లకి ఎదురెదురుగా కూచునేవాళ్లకి అదెలా కుదురుతుందో ఆయన ఆలోచించలేదు.

దవడలన్నిటినీ పక్కకి జరిపి బావ బల్లమీద ఇంజనును పడుకోబెట్టాడు. ఇంజను పొట్టలో చోటు లేదు. అందుకని చిప్పునీ స్పీకరునీ టెండరులో, అంటే వెనకాల బొగ్గు మోసే బండిలో కూర్చోబెట్టాడు. అక్కణ్నుంచి వెంట్రుకల్లాంటి తీగలు మోటారు దాకా లాగాడు. ఊపిరి బిగబట్టి ఒక్కో తీగా అతికిస్తుంటే అక్క గుమ్మంలోంచి చూసి, "నాకు పన్ను నొప్పొచ్చినప్పుడు ఇందులో సగం శ్రద్ధ లేదు ఈయనకి" అని వెళ్లిపోయింది.

ఈ పనిలో గండం ఒకటుంది. పాత బొమ్మ ఇంజన్లలో మోటారు ఒక కొస ఇంజను చట్రానికి తగిలే ఉంటుంది. చిప్పు పెట్టాక ఆ పొత్తు తెంచెయ్యాలి, లేకపోతే చిప్పు మాడి మసైపోతుంది. మధ్యలో అడ్డు పెట్టడానికి బావ తన దగ్గరున్న చిగుళ్ల ప్లాస్టిక్కుతోనే బుల్లి తొడుగు చేశాడు. లెక్క ప్రకారం అతికినట్టు సరిపోయింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు.

కానీ చిగుళ్లకు గుచ్చుకోకూడదని ప్రతి ముక్కనీ నున్నగా సానపట్టడం అతని చేతికి పట్టిన జబ్బు. తొడుగును తీసుకెళ్లి పాలిష్ చక్రానికి ఆనించాడు.

"బావా, మోటారుకి చిగుళ్లుండవు. ఎవరికి గుచ్చుకుంటుంది?" అన్నాను.

"ఉండు, ఈ అంచు ఒక్కటీ" అన్నాడు.

ఆ అంచు ఒక్కటీ అద్దంలా మెరిసింది, ఉల్లిపొరంత పలచనా అయింది. బిగించాక ఎక్కడైనా తగులుతోందేమో మీటరు పెట్టి చూసుకోవాల్సింది. తన పాలిష్ మీద నమ్మకంతో ఆ పని మానేశాడు.

ఆదివారం మధ్యాహ్నం బల్లమీద పట్టాలు గుండ్రంగా పరిచి అందర్నీ పిలిచాడు. నాన్నకి ముందు కుర్చీ. బావ కంట్రోలరు నొక్కాడు. "కూ" అని కూత మొదలై సగంలో ఆగింది. వెంటనే సన్నగా పొగ లేచింది.

అక్క మురిసిపోయింది. "ఏవండీ, పొగ కూడా పెట్టారా! చెప్పనేలేదే!" అని చప్పట్లు కొట్టింది. అక్క కొట్టింది కదా అని నేనూ కొట్టాను.

నాన్న కొట్టలేదు. "పొగ గొట్టంలోంచి రావాలమ్మా" అన్నాడు. "బొగ్గుబండిలోంచి పొగ రావడం నా సర్వీసులో నేను చూళ్లేదు."

అప్పటికి వాసన తగిలింది. బావ ప్లగ్గు పీకేశాడు. అతని మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నాన్న లేచి, నోట్లోంచి పళ్ల సెట్టు తీసి, బావ ముందు బల్లమీద పెట్టి, తన గదిలోకి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు నుంచి నాన్నది నిర్దంత దీక్ష. పేరు నేనే పెట్టాను. అక్క ప్రతిదీ మెత్తగా ఉడికించి గిన్నెలో పెట్టేది, ఆయన గదిలోనే తాగేవాడు. పళ్లు లేకుండా తిట్టడం కష్టం కాబట్టి మాటలూ మానేశాడు. ఇల్లంతా నిశ్శబ్దం. పక్కింటావిడ వచ్చి, అంతా క్షేమమేనా అని అడిగి వెళ్లింది.

"తిట్టినా బాగుండేదిరా" అన్నాడు బావ, ఆ పళ్ల సెట్టును గ్లాసు నీళ్లలో వేసి, దానికేసి చూస్తూ. దానిమీద ఒక జోకు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నిజంగా జాలేసింది.

మాడింది చిప్పే, మోటారు భేషుగ్గా ఉంది. బావ ఇంకో చిప్పు తెప్పించాడు. తొడుగు మళ్లీ చేశాడు. ఈసారి సానపట్టలేదు. గరుగ్గా, గడ్డలుగడ్డలుగా వదిలేశాడు. తన చేత్తో అంత వికారమైన వస్తువు చేసినందుకు అతను పడ్డ బాధ చూడాలి, పాలిష్ చక్రం వైపు చెయ్యి దానంతటదే పోతుంటే రెండో చేత్తో పట్టుకున్నాడు. బిగించాక మీటరు పెట్టి తను చూశాడు, నన్ను చూడమన్నాడు, వంటింట్లోంచి అక్కని లాక్కొచ్చి ఆమెనీ చూడమన్నాడు. ఎక్కడా తగల్లేదు.

ఈసారి ఎవర్నీ పిలవలేదు. సాయంత్రం తనొక్కడే ఇంజనును పట్టాలమీద పెట్టాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ముందు బుసబుసమని ఆవిరి, తర్వాత కూత, సగంలో ఆగకుండా, ఇల్లంతా నిండేలా. బావ ఒక్కసారిగా వేగం పెంచాడు. ఇంజను భక్‌భక్‌మంటూ చుట్టూ పరిగెత్తింది.

నాన్న గది తలుపు తెరుచుకుంది. వచ్చి బల్ల దగ్గర నిలబడి ఏదో అన్నాడు. పళ్లు లేవు, గాలి తప్ప ఏమీ అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు. చివరికి చిరాకుపడి గ్లాసులోని పళ్లు తీసి పెట్టుకున్నాడు.

"ఖాళీ ఇంజన్ని అలా తోలతారటయ్యా? గేదెలు తోలుతున్నావనుకున్నావా? జరుగు!"

పక్కింట్లో ఏదో గిన్నె కిందపడింది.

కంట్రోలరు నాన్న చేతిలోకి వెళ్లింది. ఆయన ఇంజనును ఆపి, నిలబెట్టి, మళ్లీ మెల్లగా కదిలించాడు. చక్రాలు ఇంకా తిరుగుతున్నాయో లేదో తెలియనంత మెల్లగా. వంగి ఇంజను దగ్గర చెవి పెట్టాడు. చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఊపిరులు రావాలట. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు. బావ ఆ పెదవుల్నే చూస్తున్నాడు. నాన్న తప్పేమీ పట్టలేదు. తప్పు దొరికితే ఊరుకునే మనిషి కాదు, కానీ "బాగుంది" అని కూడా అనలేదు. బావ భుజాలు కొంచెం జారాయి.

"ఊపిరి నీరసంగా ఉంది" అన్నాడు నాన్న. "నిప్పు చాలట్లేదు. బొగ్గెయ్యి."

బావ నా వంక చూశాడు. నేను నాన్న వంక చూశాను. నాన్న పట్టాల వంకే చూస్తున్నాడు.

ఆ కంట్రోలరు మీద పారతో బొగ్గు ఎత్తిపోసే చప్పుడుకి కూడా ఒక బటన్ ఉంది. బావ పక్కకొచ్చి, నాన్న చేతిమీదుగా చెయ్యి చాపి, అది నొక్కాడు. కర్రుమని పార గీసుకుంది, పొయ్యి తలుపు ధడేల్‌మంది.

"ఇంకో పార. మూలలకీ పడాలి."

బావ మళ్లీ నొక్కాడు.

మా నాన్న దగ్గర ఫైర్‌మన్‌గా నిలవడం ఆషామాషీ కాదు. పక్కన బొగ్గేసేవాడి చేతుల్లోనే డ్రైవరు పరువు ఉంటుందనేవాడు. నచ్చనివాణ్ణి వచ్చే స్టేషన్లో దింపేసేవాడు. చిన్నప్పుడు నేను ఇంజనెక్కుతానని ఏడిస్తే, "నీ చేతులు పనికిరావురా" అని ప్లాట్‌ఫారమ్మీదే నిలబెట్టాడు. అందుకే బావ అలా ఆయన మోచేతి పక్కన నిలబడి బొగ్గేస్తుంటే నాకు కడుపు మండింది. దాంతోపాటు సంతోషంగానూ ఉంది.

అక్క లోపల్నుంచి కేకేసింది. "నాన్నా, ఏవండీ, రండి! అన్నీ చల్లారిపోతున్నాయి!"

"ఆగమ్మా" అన్నాడు నాన్న తల తిప్పకుండానే. "మేమిద్దరం డ్యూటీలో ఉన్నాం."

బావ చెయ్యి గాల్లో ఆగిపోయింది. కళ్లజోడు మసకేసింది, దాన్ని తీసి తుడుచుకోబోయాడు.

"బొగ్గు!" అన్నాడు నాన్న.

బావ తుడుచుకోకుండానే నొక్కాడు.