ఫోన్లో అన్న ‘కానీ’

నేను రిటైరవడానికి ఆరేళ్ళ ముందు, ఒక జూన్ నెల మొదటి వారంలో, తిరుపతిలోని డిజైన్ల విభాగం నుంచి శ్రీకాళహస్తి సబ్‌డివిజన్‌కు నన్ను డీఈగా, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా వేశారు. అప్పటిదాకా సర్వీసంతా బల్ల ముందు కూర్చుని గీతలు గీసిందాన్ని. దూలం ఎంత లోతుండాలో, కడ్డీ ఎంత లావుండాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఒక కాంట్రాక్టరు చేత ఆ దూలం పోయించడం మాత్రం ఏనాడూ చేయలేదు. అది వేరే విద్య అని కూడా నాకు తెలియదు.

నా చేతికి వచ్చిన మొదటి పని, స్వర్ణముఖి దాటాక ఒక పల్లెలో హైస్కూలుకు కొత్త తరగతి గదులు. రోజూ సైటులో ఉండాల్సిన ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, పోస్టు ఖాళీగా ఉంది. కాబట్టి ఆ బాధ్యత కూడా నాదే అయింది.

సైటులో ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. దాన్ని సైట్ ఆర్డర్ బుక్ అంటారు. ఇంజినీరు ఏ ఆదేశమిచ్చినా అందులో రాసి సంతకం పెట్టాలి, కాంట్రాక్టరు కింద సంతకం చేయాలి. పునాది గుంటల దగ్గర ఇది మరీ ముఖ్యం. అడుగున గట్టి నేల తగిలిందని ఇంజినీరు కళ్ళారా చూసి రాసిచ్చాకే కాంక్రీటు పోయాలి. పోశాక కింద ఏముందో దేవుడికి తప్ప తెలియదు. ఎప్పుడైనా నోటిమాటగా చెప్పాల్సి వస్తే, కాంట్రాక్టరు దాన్ని వెంటనే రాతలో పెట్టి ఖాయం చేయించుకోవాలి. ఇదంతా డిపార్టుమెంటు కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటులో ఉంది. చదివానా అంటే, లేదు. డ్రాయింగులు జతచేసిన పేజీలు తిరగేసి మూసేశాను. గొడవ వస్తే తప్ప అగ్రిమెంటు ఎవరూ తెరవరని ఆఫీసులో అందరూ అనేవాళ్ళు. నేనూ అదే నిజమనుకున్నాను.

ఆ రోజు నేను తిరుపతిలో సమీక్షా సమావేశానికి వెళ్ళాను. హాలు బయట నా వంతు కోసం నిలబడి ఉంటే కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. గుంటలన్నీ తవ్వడం అయిపోయిందట, నేల గట్టిగా ఉందట, ఈశాన్యం మూల ఒక్కటి మాత్రం నిన్నటి వానకు కొంచెం చెమ్మగా ఉందట. మిక్సర్ వచ్చింది, కూలీలు వచ్చారు, పోసేయమంటారా అని అడిగాడు. నేను, “మిగతావి మీరు చెప్పినట్టే ఉంటే పర్వాలేదు, కానీ...” అన్నాను. ఆ మూల నేను చూసేదాకా ఆగండి అని చెప్పబోతున్నాను. ఆయన “సరే మేడమ్” అని ఫోన్ పెట్టేశాడు.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఫోన్ సంచిలో పడేసి వెళ్ళాను. బయటికొచ్చాక సైటుకు బయల్దేరాల్సింది, కనీసం ఇంకోసారి ఫోన్ చేయాల్సింది. ఏదీ చేయలేదు. ఈ కథలో నా తప్పు ఇదీ. ఇది చిన్నదని నేననను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి గుంటలన్నిట్లో కాంక్రీటు గట్టిపడి ఉంది. ఈశాన్యం మూల కూడా. ఆర్డర్ బుక్‌లో ఆ పేజీ ఖాళీగా ఉంది. ఎవరు పోయమన్నారని అడిగితే కాంట్రాక్టరు కొంచెమైనా తడబడకుండా, “అనింది మీరే గదా మేడమ్, కానీ అని” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ‘కానీ’కి మన భాషలో రెండు అర్థాలున్నాయి, నిజమే. పని కానీ అంటే జరగనివ్వమని. వాక్యం మధ్యలో అంటే, ఆగు, ఇంకో మాటుంది అని. ఆ రెండిటికీ గొంతు వేరు. పని కానీ అన్నప్పుడు మాట అక్కడ దిగి ఆగుతుంది. నేను సాగదీసి, ఇంకా చెప్పబోతూ అన్నాను. తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన పసిపిల్లకైనా ఆ తేడా తెలుస్తుంది. ఆయనకూ తెలిసింది. తెలిసే ఫోన్ పెట్టేశాడు.

కూలీలకు మజ్జిగ తెచ్చే చెంగమ్మ అనే పెద్దావిడ అంతా వింటూ నిలబడింది. “ఆడ మా మామ కాలంలో దొరువు ఉండె. ఊళ్ళో చెత్తంతా ఏసి పూడ్చినారు. దాని మీదనా అమ్మా పిలకాయల్ని కూర్చోబెట్టేది?” అంది. దొరువంటే ఇసక నేలలో నీళ్ళ కోసం తవ్వుకునే పెద్ద గుంట. పునాది పక్కన గడ్డపార దించి చూడమన్నాను. చేత్తో నొక్కితేనే మూరెడు దిగింది. నల్లటి మన్నుతో పాటు ఏనాటిదో చెప్పు ముక్క కూడా పైకి వచ్చింది.

పని ఆపమని ఆర్డర్ బుక్‌లో రాసి, కాంట్రాక్టరు చేత సంతకం పెట్టించి వచ్చాను. ఆయన నాకంటే ముందే మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరును కలిశాడు. రెండు రోజుల తర్వాత ఈఈగారు నన్ను పిలిపించారు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి సిద్ధంగా ఉంది. అది నేను నా చేతిరాతతో ఆర్డర్ బుక్‌లోకి ఎక్కించాలట, పోసిన రోజు తేదీ వేసి. మేస్త్రీ మునెయ్య ఎవరి ఆదేశమూ లేకుండా తనంతట తానే ఆ మూల కాంక్రీటు పోశాడని, అందువల్ల ఆయన్ను సైటు నుంచి తొలగించమని ఇంజినీరు ఆదేశించారని అందులో ఉంది. కాంట్రాక్టరు పెట్టుకున్న ఏ మనిషినైనా తప్పు చేస్తే తీసేయమనే అధికారం అగ్రిమెంటు మాకు ఇస్తుంది. ఆ అధికారాన్ని ఇక్కడ వాడతారన్నమాట.

ఈఈగారు చెడ్డ మనిషి కాదు. అదే నాకు ఇంకా కోపం. మీ మీదికి రాదు, కాంట్రాక్టరు మీదికి రాదు, ఆ మూల పగలగొట్టి మళ్ళీ కడతారు, అందరికీ మంచిదే కదమ్మా అని నచ్చజెప్పారు. ఆ అందరిలో మునెయ్య లేడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. డిపార్టుమెంటు పుస్తకంలో పేరెక్కించి వెళ్ళగొట్టిన మేస్త్రీని చుట్టుపక్కల ఏ కాంట్రాక్టరూ పనిలో పెట్టుకోడు. ఇటుక మీద ఇటుక పెట్టి తెచ్చుకున్న పేరు ఒక్క పేజీతో పోతుంది.

ఆలోచించుకుంటానని చెప్పి వచ్చాను. నిజం చెప్పాలంటే ఆలోచించాను కూడా. పదోన్నతి జాబితాలో నా పేరు ఉంది. సంజాయిషీ అడుగుతూ మెమో వస్తే అది వెనక్కి పోతుంది. సంతకం పెడితే నన్ను అడిగేవాడు ఉండడు.

మరుసటి రోజు సైటుకు వెళ్ళి మునెయ్యను అడిగాను. నా ఈడువాడే, చేతులు సిమెంటుకు పగిలిపోయి ఉన్నాయి. జరిగింది వరసగా చెప్పాడు. ఆ మూల మన్ను మెత్తగా ఉందని మొదట కాంట్రాక్టరుకు చెప్పింది ఆయనేనట. అందుకే నాకు ఫోన్ వచ్చింది. ఫోన్ పెట్టేసి కాంట్రాక్టరు, మేడమ్ కానీ అంది, మిక్సర్ తిప్పండన్నాడట. ఆ మూల కూడానా అని మునెయ్య మళ్ళీ అడిగాడట. అన్నీ అని జవాబట. చెప్పడం అయ్యాక ఇలా అన్నాడు:

“నాకు కాగితాలు తెలీదు మేడమ్. కానీ అంటే పోసేది, ఆగు అంటే ఆగేది. మీరు ఆ రొండిట్లో ఒగటి తెగేసి చెప్పాల గదా.”

అగ్రిమెంటు వందల పేజీల్లో చెప్పింది ఆయన రెండు మాటల్లో చెప్పేశాడు.

అక్కడే ఆర్డర్ బుక్ తెప్పించి, ఆనాటి తేదీ వేసి తెలుగులో రాశాను. అప్పటిదాకా ఆ పుస్తకంలో తెలుగు అక్షరం లేదు. అయినా ఆ మాటను ఇంగ్లీషులో ఎలా రాస్తారు? ‘నేను ఫోన్లో కానీ అన్నాను. ఆగమని చెప్పబోయాను. వాక్యం పూర్తి కాకముందే కాంట్రాక్టరు ఫోన్ పెట్టేశారు. రాతపూర్వక ఆమోదం నేను ఇవ్వలేదు, ఆయన అడగలేదు. నేల మెత్తగా ఉందని మేస్త్రీ మునెయ్య ముందే చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. ఈశాన్యం మూల పునాది తీసేసి, గట్టి నేల తగిలేదాకా తవ్వి, నాకు చూపించాలి.’ కాంట్రాక్టరు సంతకం పెట్టనన్నాడు. పెట్టనన్నాడని కూడా రాశాను.

ఈఈగారు చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు. మెమో వచ్చింది, పదోన్నతి వెనక్కి పోయింది, డీఈగానే రిటైరయ్యాను. కాంట్రాక్టరు మూల పగలగొట్టాడు. నిలువెత్తు లోతు తవ్వాక గానీ గట్టి నేల తగల్లేదు. ఈసారి గుంటలోకి దిగి నా కాలితో తొక్కి చూసి, రాసి, సంతకం పెట్టాను.

గదుల గోడలు లేచేసరికి మునెయ్య సైటులో కనిపించలేదు. కాంట్రాక్టరు రేపటి నుంచి రావద్దన్నాడట. కాగితం లేదు, సంతకం లేదు, కారణం లేదు. నేను అడిగితే, మా మనుషులు మా ఇష్టం మేడమ్ అన్నాడు. అగ్రిమెంటు మొత్తం వెతికాను, ఈసారి మొదటి పేజీ నుంచి చివరి దాకా. మేస్త్రీని తీసేయమనే అధికారం నాకుంది. తీసేయొద్దనే అధికారం ఎక్కడా లేదు. పుస్తకంలో ఆయన పేరు చెడకపోవడం వల్ల నగరి దగ్గర వేరే కాంట్రాక్టరు పనిలో పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. నేను చేయగలిగింది అంతవరకే.

ఈ పని నేర్చుకునే ఇంజినీర్లకు, చెప్పేది రాసి చెప్పండని ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఇంకొకటి. అగ్రిమెంటులో రెండు పక్షాలుంటాయి. తప్పు జరిగినప్పుడు ఆ రెండూ కలిసి మూడోవాణ్ణి వెతుకుతాయి. మీ ముందు పెట్టిన కాగితంలో, అగ్రిమెంటు మీద సంతకం లేని మనిషి పేరు కనిపిస్తే, కలం మూసి ముందు వెళ్ళి ఆయన్ను అడగండి.