నాకు రాని గుగ్గిలం వాసన

దయ్యాల కథలు చెప్పే పిల్లల్ని ఆటపట్టించే సైన్సు టీచర్ని నేను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇందులో దయ్యం లేదు కూడా. ఉన్నది నా తప్పు, దాని వెనకే నాకు అంతుపట్టని ఒక సంగతి.

మాది తల్లాడ. ఉద్యోగం భద్రాచలం అడవి అంచున ఒక గూడెం బళ్ళో. బడి వెనక గుగ్గిలం చెట్టుంది. గూడెంలో ఏ బిడ్డ పుట్టినా ఆ చెట్టు బంకతోనే పొగ వేస్తారు. అందుకని ఆ చెట్టుకు మాత్రం ఎవరూ గొడ్డలి పెట్టరు. తనంతట తాను కారి గడ్డకట్టిందే తీసుకుంటారు, అమ్ముకోరు.

మాకు పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజు స్నానానికి అసలైన గుగ్గిలం తెస్తానని ఇంట్లో గొప్పలు పోయాను. బడికి తిరిగొచ్చి చూస్తే చెట్టు మీద గోరంత కూడా లేదు. గూడెంలో అడిగితే ఎవరైనా ఇచ్చేవాళ్ళే. సారునై ఉండి అడగడమేమిటని నామోషీ. ఓ ఆదివారం ఎవరూ లేనప్పుడు గొడ్డలితో నాలుగు లోతైన గాట్లు పెట్టాను. వారం తర్వాత గుప్పెడు బంక ఒలిచి టిఫిన్ డబ్బాలో దాచుకున్నాను.

బళ్ళో వంట చేసే ముత్తమ్మ ఆ గాట్లు చూసింది.

"ఎవడు కొట్టిండో కనబడ్డడా సారూ?"

లేదన్నాను. బంక కోసం తిరిగే బయటి బేరగాళ్ళ పనై ఉంటుందని కూడా నేనే అన్నాను. ఆమె కాసేపు చెట్టును తడుముతూ నిలబడింది. తర్వాత ఇంటికెళ్ళి చిన్న మూట తెచ్చింది.

"మా కోడలి కాన్పుకని దాసిన. మీ ఇంట్ల పసిపిల్ల ఉన్నది గద, సగం తీస్కపోండ్రి."

తీసుకున్నాను. అప్పుడైనా నోరు విప్పాల్సింది.

ఇంట్లో నిప్పుల మీద ముందు నేను ఒలిచింది వేశాం, తర్వాత ముత్తమ్మ ఇచ్చింది. ఇల్లంతా ఘుమఘుమలాడుతోందని అందరూ అన్నారు. పొగకు నా కళ్ళు మండాయి గానీ వాసన మాత్రం తెలియలేదు.

జలుబేమో అనుకున్నాను. నా భార్య కళ్ళకు గుడ్డ కట్టి పరీక్ష పెట్టింది. కర్పూరం, ఇంగువ, కాఫీపొడి టకటకా చెప్పేశాను. గుగ్గిలం ముక్కు కింద పెట్టినా తెలియలేదు. ఖమ్మంలో డాక్టరు ఏ లోపమూ లేదన్నాడు. రెండేళ్ళయింది, ఇప్పటికీ అంతే. సైన్సు టీచర్ని, కారణం చెప్పలేను.

మా ఇంట్లో పొగ వేసిన నెలకు ముత్తమ్మకు మనవడు పుట్టాడు. అప్పటికే చెట్టు ఒక పక్క ఎండుతోంది. మిగిలిన ఆ సగం గుగ్గిలంతోనే పొగ వేస్తూ నన్నూ పిలిచింది. పసివాణ్ణి పొగ మీద అటూ ఇటూ తిప్పుతూ నా వైపు చూసింది.

"వాసన మంచిగున్నదా సారూ?"

"బాగుంది ముత్తమ్మా" అన్నాను.