కిటికీలోంచి వచ్చిన బల్ల

వీట్స్కె హూకెమా నాలుగేళ్ళుగా వంటింటి బల్ల మీదే ఉద్యోగం చేస్తోంది. ఒక పింఛను సంస్థకు వచ్చే ఫిర్యాదులకు జవాబులు రాయడం ఆమె పని. ఆరేళ్ళ కొడుకు యెల్మర్‌ను ఒంటరిగా పెంచుతోంది. కుడి భుజం నుంచి చిటికెనవేలి దాకా పాకిన తిమ్మిరి ఏడాదిగా వదలలేదు. వైద్యుడిచ్చిన కాగితాన్ని జతచేసి, పనికి తగిన బల్ల ఇప్పించమని ఆఫీసుకు అయిదు ఉత్తరాలు రాసింది. మార్చి మూడున రాసిన మొదటి ఉత్తరానికి సెప్టెంబరు పదకొండున జవాబు వచ్చింది!

అందులో దయ కన్నా షరతులే ఎక్కువ. సరైన బల్ల, కుర్చీ ఎరువిస్తారట. శుక్రవారంలోగా ఆ అమరికను సంస్థ సలహాదారు ఆమోదించాలట. లేదంటే వారమంతా ఆఫీసుకు రావాలట. వారమంతా అంటే బుధవారం కూడా. బుధవారం పన్నెండింటికే బడి వదిలేస్తారని, పిల్లల సంరక్షణ కేంద్రంలో చోటు కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నానని ఆమె అయిదు ఉత్తరాల్లోనూ రాసింది. ఒక్కటైనా చదివిన జాడ లేదు.

గురువారం సాయంత్రం బల్లనూ కుర్చీనీ గుమ్మంలో దించేసి వెళ్ళిపోయారు. డచ్చి పట్టణం హార్లెమ్‌లోని ఆ సన్నని ఇంట్లో మెట్లు నిచ్చెనకన్నా కాస్త మెరుగు, అంతే. మలుపులో బల్ల ఇరుక్కుంది. పక్కింటి రీనుస్, ఒకప్పటి ఓడ సరంగు, సామాను పైకి లాగడానికి చూరు కింద ఉండే కొక్కేనికి కప్పీ తగిలించి తాడు వేశాడు.

“తాడు వదిలావంటే ఇంటిముందు కాలవలో చేపలు ఆఫీసు పెట్టుకుంటాయ్, అమ్మాయ్!”

“నవ్వించకండి రీనుస్ గారూ, అసలే చెయ్యి మొద్దుబారిపోయింది.”

“అమ్మా, బల్ల ఎగురుతోందే!” అని యెల్మర్ వీధంతా వినబడేలా అరిచాడు.

అలా కిటికీలోంచి బల్ల మేడ మీది పడకగదికి చేరింది. మర్నాడు ఉదయం సలహాదారు స్టేన్ కంప్యూటరు తెర మీద ప్రత్యక్షమయ్యాడు.

“మీ పాదాలు నేలకి ఆనట్లేదండీ. ఇలాగైతే ఆమోదించలేను.”

“కుర్చీ ఇంతకన్నా దిగదండీ.”

“అది ప్రామాణికమైన కుర్చీ. అందరికీ సరిపోతుంది.”

“అందరిలో నేను లేనా?”

పొడుగువాళ్ళ దేశంలో పొడుగువాళ్ళు రాసిన కొలతలవి. పొట్టివాళ్ళు కూడా పని చేస్తారన్న స్పృహ ఆ పట్టికలో ఎక్కడా లేదు.

తాడు తీసుకెళ్ళడానికి వచ్చిన రీనుస్ అంతా విన్నాడు. చప్పుడు చేయకుండా వెళ్ళి, ఇంటినుంచి ఒక చెక్కపీట తెచ్చి ఆమె పాదాల కింద పెట్టాడు.

“ఓడలో చుక్కాని అందనివాడికి పీట వేసేవాళ్ళం బాబూ. మనిషిని సాగదీసేవాళ్ళం కాదు.”

“అది మా జాబితాలో లేదండీ,” అన్నాడు స్టేన్.

“ఎత్తు పదకొండు సెంటీమీటర్లు. జాబితాలో చేర్చుకోండి. నా పాదాలు ఆనాయి,” అంది వీట్స్కె. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేని గొంతు అది.

స్టేన్ పట్టికలో ఆ అంకె చేర్చాడు. “సరే. ఆరు నెలలకి ఆమోదిస్తున్నా. తర్వాత మళ్ళీ చూడాలి.”

“బుధవారాలతో సహా?”

“సహా.”

“రాసి పంపండి.”

“చెప్పాను కదండీ.”

“మీరు రాసి పంపేదాకా ఈ తెర ముందే కూర్చుంటాను.”

పదకొండూ నలభైకి ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, భద్రపరచి, బల్ల మీద తల వాల్చింది. ఇరవై ఆరు బుధవారాలు.